రెప్ప మాటున గాయం

పాలు తాగుతున్న పసిబిడ్డ చెయ్యి విసురుతుంది. పలచటి గోరు తల్లి నల్లగుడ్డును గీరుతుంది. కన్ను ఎర్రబడుతుంది, నీళ్లు కారతాయి, వెలుతురు చూడలేకపోతుంది. డాక్టరు చుక్కలు రాస్తారు. రెండు రోజుల్లో కన్ను మామూలైపోతుంది, ఇంట్లో అందరూ ఆ సంగతి మరిచిపోతారు. నెలలు గడుస్తాయి. బిడ్డకు నడక వచ్చాక ఒకనాటి తెల్లవారుజామున ఆ తల్లి కన్ను తెరవబోతే భరించలేని నొప్పి. కొత్తగా దెబ్బ తగల్లేదు. కంట్లో ఏదీ పడలేదు. పాత గాయమే మళ్లీ తెరుచుకుంది.

కంటి వైద్యులు దీన్ని రికరెంట్ కార్నియల్ ఎరోజన్ అంటారు. కార్నియా అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర. దాని పైచర్మం ఊడి, మాని, మళ్లీ ఊడే జబ్బు ఇది. 1872లోనే హాన్సెన్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. బిడ్డ గోరే కానక్కర్లేదు. పుస్తకం తిప్పుతుంటే తగిలిన కాగితం అంచు, దారిలో మొహానికి కొట్టుకున్న కొమ్మ, చేలో చెరకు ఆకు, మస్కారా కుంచె, ఏదైనా చాలు. కొందరికి ఏ దెబ్బా తగలకుండానే వస్తుంది. వాళ్ల కార్నియా పైచర్మం కింద ఉండే పునాది పొర పుట్టుకతోనో వయసుతోనో సరిగ్గా అమరదు. సూక్ష్మదర్శినిలో చూస్తే పటాల్లాంటి గీతలు, చుక్కలు, వేలిముద్రల వంటి వలయాలు కనిపిస్తాయి కాబట్టి డాక్టర్లు దానికి మ్యాప్ డాట్ ఫింగర్‌ప్రింట్ డిస్ట్రఫీ అని పేరు పెట్టుకున్నారు.

దీనికి తోడుగా ఉండేది కళ్లు పొడిబారడం. ఒకటుంటే రెండోది ముదురుతుంది. తడి చాలని కంట్లో రెప్ప నల్లగుడ్డుకు అతుక్కుంటుంది, అతుక్కున్న రెప్ప గాయాన్ని లాగుతుంది. ఈ రెంటితో బతుకుతున్నవాళ్లకు మా కథనం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ జబ్బుకు అసలు వైద్యం నొప్పి ఉన్న రోజున జరగదు, నొప్పి లేని నెలల్లో జరుగుతుంది. మన దగ్గర ఎక్కువమంది మందు మానేసేది సరిగ్గా అప్పుడే.

పైకి మానుతుంది, కింద పట్టు దొరకదు

కార్నియా మందం మధ్యలో దాదాపు అర మిల్లీమీటరు. దాని పైచర్మం అందులో పదో వంతు కూడా ఉండదు. అయిదారు వరుసల కణాలు, అంతే. ఒంట్లో ఇంత దట్టంగా నరాల కొసలున్న చోటు మరొకటి దొరకడం కష్టం. అందుకే కంట్లో నలుసు పడితే ప్రాణం విలవిల్లాడుతుంది. నెత్తుటి నాళాలు మాత్రం అక్కడ ఒక్కటీ ఉండవు. పగలు గాలిలోని ఆక్సిజన్ కన్నీటిలో కరిగి కార్నియాకు అందుతుంది. రాత్రి కన్ను మూసుకున్నాక రెప్ప లోపలి రక్తనాళాల నుంచి అందే కాస్తతోనే గడుపుకోవాలి.

ఈ పైచర్మం ఎప్పుడూ కొత్తదవుతూనే ఉంటుంది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉండే మూలకణాల నుంచి కొత్త కణాలు పుడుతూ, వారం పది రోజుల్లో పైచర్మం మొత్తం మారిపోతుంది.

ఇంత త్వరగా కొత్తదయ్యే చర్మం మళ్లీ మళ్లీ ఎందుకు ఊడుతుంది? కణాలు పక్కకు జరిగి గాయాన్ని కప్పేయడానికి రెండు మూడు రోజులు చాలు. ఆ కణాలు కిందనున్న పునాది పొరను పట్టుకుని ఉండటానికి సన్నని లంగర్లు కావాలి. గోరు, ఆకు అంచు వంటివి గీరినప్పుడు ఆ పునాది కూడా చెదురుతుంది. లంగర్లు తిరిగి గట్టిపడటానికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చెమ్మ పట్టిన గోడకు సున్నం వేస్తే పైకి తెల్లగానే కనిపిస్తుంది, చెయ్యి తగిలితే పెచ్చు లేచివస్తుంది. మానినట్టు కనిపించే ఈ కన్ను స్థితి కూడా అదే.

ఇక తెల్లవారుజామునే ఎందుకు వస్తుందంటే, నిద్రలో కన్నీరు ఊరడం బాగా తగ్గుతుంది. ఆక్సిజన్ తక్కువై కార్నియా కొద్దిగా నీరు పట్టి ఉబ్బుతుంది, పైచర్మం పట్టు ఇంకా సడలుతుంది. రెప్ప దానికి అంటుకుపోతుంది. కలలు వచ్చే నిద్రలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ వేగంగా కదులుతాయి. మెలకువ వచ్చి కన్ను తెరిచామంటే రెప్పతోపాటు ఆ పలచటి చర్మమూ లేస్తుంది. కింద ఉన్న నరాల కొసలన్నీ బయటపడతాయి.

నీళ్లు కారే పొడి కన్ను

కళ్లు పొడిబారాయని డాక్టరు చెబితే చాలామంది నమ్మరు. ‘‘ధారగా నీళ్లు కారుతుంటే పొడి అంటారేమిటండీ?’’ అని అడుగుతారు. అడగడంలో తప్పులేదు. కంటి మీద ఎప్పుడూ ఉండాల్సిన నీరు వేరు, మంటకు తట్టుకోలేక కన్ను కుమ్మరించే నీరు వేరు. మొదటిది వెంట్రుక కంటే ఎంతో పలచటి పొర. అందులో అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన నూనె ఉంటాయి. ఆ నూనె రెప్పల అంచుల్లో వరుసగా ఉండే గ్రంథుల నుంచి వస్తుంది. 1666లో వాటిని వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరుతో వాటిని మైబోమియన్ గ్రంథులంటారు. ఒక్కో రెప్పలో ఇరవైకి పైగానే ఉంటాయి. వాటి నోళ్లు పూడుకుపోతే నూనె రాదు, నూనె లేకపోతే నీరు నిలవదు, గాలికి ఇట్టే ఆవిరైపోతుంది. అప్పుడు పుట్టే మంటకు కన్ను నీళ్లు కారుస్తుంది. ఆ నీటిలో నూనె, జిగురు సరిపాళ్లలో ఉండవు కాబట్టి చెంపల మీదికి జారిపోవడమే గాని కంటిని కాపాడలేదు. పొడి కళ్లలో ఎక్కువ పాలు ఈ నూనె చాలనివే.

మామూలుగా నిమిషానికి పదిహేను ఇరవై సార్లు రెప్ప వేస్తాం. ఫోనో కంప్యూటరో చూసేటప్పుడు అది సగానికంటే తక్కువకు పడిపోతుంది. వేసినదైనా సగం రెప్పే. హైటెక్ సిటీలో ఏసీ కింద పది గంటలు తెర చూసే కుర్రవాడికీ, హెల్మెట్ అద్దం ఎత్తి ఎండలో బండి మీద తిరిగే డెలివరీ కుర్రవాడికీ, గుంటూరు యార్డులో మిర్చి ఘాటు మధ్య పనిచేసే అమ్మకూ ఇది వస్తుంది. గల్ఫ్‌లో ఎడారి గాలికి, ఏసీ గదికి మధ్య తిరిగే మన జగిత్యాల, నిజామాబాద్ కార్మికులకూ వస్తుంది. అమెరికా వెళ్లే విమానంలో గాలి తేమ ఇరవై శాతం లోపే. అక్కడ చలికాలం హీటరు వేసిన ఇళ్లలోనూ గాలి పొడిగానే ఉంటుంది. పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు కళ్లు మండుతున్నాయని చెబితే దిగులు వల్ల అనుకోకండి.

మందుల వల్లా వస్తుంది. జలుబుకు, దురదకు వాడే సిట్రజిన్ లాంటివి, కొన్ని డిప్రెషన్ మందులు, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ కన్నీటిని తగ్గిస్తాయి. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఎక్కువ. లేసిక్ చేయించుకున్నాక కొన్ని నెలలు చాలామందికి ఉంటుంది, ఎందుకంటే ఆ కోతలో కార్నియా నరాలు తెగుతాయి. కాటుక రెప్ప లోపలి అంచున పూస్తే నూనె గ్రంథుల నోళ్లు మూసుకుపోతాయి. పూయాలనుకుంటే వెంట్రుకల బయటి వైపు పూయండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఇది కంటి జబ్బుగా మిగలదు. కళ్లతోపాటు నోరూ ఎండిపోతుంటే, నీళ్లు లేకుండా అన్నం ముద్ద దిగకపోతుంటే, కీళ్లు నొప్పులు పెడుతుంటే అది షోగ్రెన్ సిండ్రోమ్ కావచ్చు. స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో పందొమ్మిది మంది స్త్రీలను పరిశీలించి రాసిన సిద్ధాంతగ్రంథంతో ఇది లోకానికి తెలిసింది. ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద తిరగబడే జబ్బు. బాధితుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే. రుమటాలజిస్టు చూడాలి. ఏళ్ల తరబడి చుక్కలు మారుస్తూ కూర్చున్నవాళ్లు షోగ్రెన్ పరీక్ష ఒక్కసారీ చేయించుకోకపోవడం మన దగ్గర మామూలైపోయింది, అలా ఉండకూడదు.

ఇంకో ముచ్చట. మన తాతల కాలంలో పొడి కన్ను అంటే విటమిన్ ఎ లేక పిల్లల చూపు పోవడమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని ఆధారంగా 1970లో పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మోతాదు ఇవ్వడం మొదలైంది. ఆ పొడి కన్ను చాలావరకు వెనక్కి తగ్గింది.

‘ఏమీ లేదమ్మా’

కార్నియా గాయంతో బాధపడేవాళ్లను నొప్పి కంటే ఎక్కువ ఏడిపించేది ఈ మాట. తెల్లవారుజామున నాలుగింటికి నొప్పి. ఏడింటికి ఇంట్లో తిరగలేరు. అపాయింట్‌మెంట్ దొరికి డాక్టరు ముందు కూర్చునేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటికి చిన్న గాయమైతే మూసుకుపోయి ఉంటుంది. చూపు బాగుంది, కన్ను తెల్లగా ఉంది. ఏం చెబుతారు? ఇంట్లోవాళ్లు కూడా ‘పొద్దున అంత గోల చేశావు’ అన్నట్టు చూస్తారు.

చెప్పే తీరు మార్చుకుంటే సగం పని జరుగుతుంది. ‘‘కన్ను నొప్పి’’ అని ఊరుకోకుండా ‘‘నిద్ర లేవగానే వస్తుంది, ఈ కంటికే వస్తుంది, రెండేళ్ల కిందట దీనికే గోరు గీరింది’’ అని చెప్పండి. ఈ మూడు ముక్కలు వింటే కార్నియా తెలిసిన వైద్యుడికి చాలావరకు అర్థమైపోతుంది. ఫ్లోరసీన్ అనే పసుపు రంగు వేసి నీలి కాంతిలో చూస్తే ఊడిన చోటు పచ్చగా మెరుస్తుంది. మానిపోయినా, కింద పట్టు దొరకని చోట కన్నీటి పొర ముందుగా చిట్లిపోవడం అనుభవమున్న కంటికి తెలుస్తుంది. పొడి కంటికి వేరే పరీక్షలున్నాయి. రెప్ప వేశాక కన్నీటి పొర పది సెకన్లయినా నిలుస్తుందా అని చూస్తారు. కింది రెప్పలో సన్నని కాగితం ముక్క పెట్టి అయిదు నిమిషాల్లో ఎంత తడిసిందో కొలుస్తారు. అయిదు మిల్లీమీటర్లు కూడా తడవకపోతే కన్నీరు బాగా తక్కువున్నట్టు. జర్మన్ వైద్యుడు ఓటో షిర్మర్ 1903లో చెప్పిన ఈ పరీక్షను ఇప్పటికీ అలాగే చేస్తున్నారు.

ఎన్నాళ్లు వాడాలి?

తాజాగా ఊడిన రోజున ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్, తడి కోసం చిక్కటి చుక్కలు. గాయం పెద్దదైతే పవరు లేని మెత్తటి కాంటాక్టు లెన్సు పెట్టి రెప్ప రాపిడి తగలకుండా చూస్తారు. దాన్ని డాక్టరే పెట్టాలి, డాక్టరే తీయాలి. ఈ దశ సులువుగానే దాటుతుంది.

కష్టమంతా తర్వాతి దశలో ఉంది. పడుకునే ముందు కంట్లో ఆయింట్‌మెంట్ రాసుకోవాలి. చాలామంది వైద్యులు ఉప్పు పాళ్లు ఎక్కువున్న ఆయింట్‌మెంట్ రాస్తారు. అది కార్నియాలో చేరిన నీటిని బయటకు లాగి, పైచర్మం కిందికి అతుక్కునేలా చేస్తుంది. వేయగానే చురుక్కుమంటుంది, చూపు మసకబారుతుంది, దిండు జిడ్డవుతుంది. నొప్పి లేనప్పుడు ఇదంతా ఎందుకనిపిస్తుంది. మూడో వారానికి ట్యూబు అలమరలోకి పోతుంది. రెండో నెలలో కన్ను మళ్లీ తెరుచుకుంటుంది. ‘ఈ మందు పనిచేయలేదు’ అనుకుంటారు. పని పూర్తికాకముందే ఆపారు, అంతే జరిగింది. చివరి నొప్పి తర్వాత కనీసం మూడు నెలలు, తరచూ వచ్చేవాళ్లకు ఆరు నెలలకు పైన కూడా వాడమనడం పరిపాటి.

అయినా తిరగబెడితే డాక్సీసైక్లిన్ మాత్రలు కొన్ని వారాలు ఇస్తారు. సూక్ష్మజీవుల కోసం కాదు. పునాది పొరను కరిగించే ఎంజైములను అది అడ్డుకుంటుంది, రెప్పల నూనెనూ బాగుచేస్తుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. రోగి రక్తం నుంచే సీరమ్ తీసి చుక్కలుగా చేయడం మరో దారి. ఇవేవీ చాలకపోతే చిన్న శస్త్రచికిత్సలున్నాయి. చూపు దారికి పక్కనున్న చోటైతే సన్నని సూదితో చుక్కలు చుక్కలుగా పొడిచి పట్టు తెప్పిస్తారు. నడిమధ్యన ఉంటే వదులు చర్మం తీసేసి వజ్రపు మొనతో సాన పట్టడమో, ఎక్సైమర్ లేజర్‌తో కొన్ని మైక్రాన్లు చెక్కడమో చేస్తారు. వీటిలో ఏది మేలో తేల్చిచెప్పే పెద్ద అధ్యయనాలు తక్కువే. అయినా మందులతో విసిగిపోయినవాళ్లలో ఎక్కువమందికి ఇవి ఊరటనిస్తాయి. కత్తి అనగానే బెదరనక్కర్లేదు.

పొడి కంటి పని ఇంట్లోనే ఎక్కువ. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగల వేడినీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద అయిదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. చల్లారితే మళ్లీ ముంచాలి. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెల్లగా నొక్కుతూ రావాలి. గట్టిపడిన నూనె కరిగి బయటకొస్తుంది. కార్నియా గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో మాత్రం నొక్కకండి. చుక్కలు రోజుకు నాలుగు సార్లకు మించి వేసుకునేవాళ్లు ప్రిజర్వేటివ్ లేనివి వాడాలి. ఎక్కువగా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఆ పైచర్మాన్నే దెబ్బతీస్తుంది. ఖర్చు ఎక్కువే, నిజం. స్తోమత లేనివాళ్లు ఆ మాట డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పండి, జన ఔషధి కేంద్రాల్లో మామూలు కన్నీటి చుక్కలు తక్కువ ధరకు దొరుకుతాయి. రెండు రకాలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగి, ఆయింట్‌మెంట్ ఆఖర్న వేయాలి.

చేపనూనె మాత్రల మీద చాలా డబ్బు పోస్తున్నారు. అమెరికాలో 535 మంది మీద ఏడాదిపాటు జరిగి 2018లో వెలువడిన డ్రీమ్ అధ్యయనంలో ఒమేగా-3 మాత్రలు ఆలివ్ నూనె మాత్రల కంటే మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదు. ఆ డబ్బు మంచి చుక్కలకు పెట్టడం మేలు.

నిద్రంటే భయం

నొప్పి వచ్చిన రోజు కంటే, రేపు వస్తుందేమోనన్న రాత్రి ఎక్కువ బాధ పెడుతుంది. పడుకోవడానికి భయపడేవాళ్లున్నారు. గంటగంటకూ అలారం పెట్టుకుని లేచి చుక్కలు వేసుకునేవాళ్లున్నారు. నిద్ర చెడితే కన్ను ఇంకా పొడిబారుతుంది, మనసు కుంగుతుంది. పొడి కళ్ల జబ్బులో దిగులు, ఆందోళన మామూలు కంటే ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో గమనిస్తున్నారు. నరాలే దెబ్బతింటే కన్ను బాగున్నా నొప్పి మిగులుతుంది. ఆ నొప్పి కల్పితం కాదు.

కొన్ని అలవాట్లు ధైర్యాన్నిస్తాయి. ఫ్యాను, ఏసీ, కూలరు గాలి నేరుగా మొహం మీదికి రాకుండా మంచం జరపండి. అరకన్ను తెరిచి నిద్రపోతున్నారేమో ఇంట్లోవాళ్లను చూడమనండి. అలా ఉంటే డాక్టరుకు చెప్పాలి, రాత్రిపూట రెప్పలు మూసి ఉంచే ఉపాయాలున్నాయి. గురకకు సీప్యాప్ యంత్రం వాడేవాళ్లు మాస్కు అంచు నుంచి గాలి కంట్లోకి కొడుతోందేమో చూసుకోవాలి. చుక్కల సీసా చేతికందేంత దూరంలో ఉండాలి. మెలకువ రాగానే కళ్లు తెరవకండి, నలపకండి. మూసిన రెప్పల కిందే కనుగుడ్లను నెమ్మదిగా కదపండి. ముక్కు పక్కనున్న కంటి మూలలో చుక్క వేసి, అది లోపలికి పారేదాకా ఆగి, అప్పుడు మెల్లగా తెరవండి.

మందులషాపులో అడగకూడనివి

కన్ను ఎర్రగా ఉందని చెబితే కొన్ని షాపుల్లో చీటీ లేకుండానే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇచ్చేస్తారు. గంటలో హాయిగా ఉంటుంది. నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా వస్తుంది, శుక్లం వస్తుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్న కంట్లో వేస్తే అది చెలరేగుతుంది. పరీక్షకు ముందు డాక్టరు వేసే మత్తు చుక్కలు ఇంటికి తెచ్చుకోవడం ఇంకా ప్రమాదం. నొప్పి తెలియకుండా కార్నియా కరిగిపోతుంది. కన్ను తెల్లబరిచే చుక్కలూ వద్దు. చనుబాలు, ఉల్లిరసం, ఆకుపసర్లు కంట్లో పోయకండి. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కానీ పైచర్మం లేని కంట్లో అవి సూక్ష్మజీవులకు తలుపు తీస్తాయి. ఆముదం కొన్ని కంపెనీ చుక్కల్లో ఉంటుంది, నిజమే. అది సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసింది, ఇంట్లో సీసాలో ఉన్నది కాదు.

కంపెనీ సీసా అయినా మూత తీసిన నెలకు పారేయండి, మొన రెప్పకు తగలనివ్వకండి. 2023లో తమిళనాడు నుంచి అమెరికాకు వెళ్లిన కృత్రిమ కన్నీటి సీసాలతో ముడిపడ్డ మొండి సూడోమొనాస్ ఇన్‌ఫెక్షన్లలో నలుగురు చనిపోయారు, పద్నాలుగు మంది చూపు పోగొట్టుకున్నారు.

పొలంలో వరి కంకి, ఆకు, కొమ్మ తగిలిన కన్ను సంగతి వేరు. బూజు ఇన్‌ఫెక్షన్ మొదలయ్యేది అలాంటి దెబ్బతోనే. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, పుసి, రోజురోజుకూ పెరిగే నొప్పి, చూపు తగ్గడం ఉంటే పైన చెప్పిన చిట్కాలేవీ పనికిరావు. ఆ రోజే కంటాసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్‌లో సరోజినీదేవి, విశాఖలో, కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నవి ఇందుకే.

ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా ఉంటే, నొప్పి వచ్చిన రోజు వాళ్లను బండి నడపనివ్వకండి, వంట చేయమనకండి, గదిలో లైటు తగ్గించండి. సాయంత్రం దాకా ఆగకుండా, గాయం ఇంకా తెరిచి ఉండగానే పొద్దున్నే వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.